హక్కుల సంఘం వాళ్ళు ఇంటికొచ్చారు, మాట్లాడొచ్చా?

పల్నాటి_కుర్రోడు

అందరికీ నమస్కారం. మాది పల్నాడులో ఒక పల్లె. పొలం మోటార్ల కేబుల్ వైరు పోయిందని, విచారణ పేరుతో మా పెదనాన్న కొడుకుని పోయిన నెల స్టేషన్‌కి తీసుకెళ్ళారు. మూడు రోజులు అక్కడే ఉంచారు. అరెస్టు చూపించలేదు, కోర్టుకీ పంపలేదు. నాలుగో రోజు పొద్దున్నే "పో" అని వదిలేశారు. అరికాళ్ళు వాచిపోయి గోడ పట్టుకుని నడిచాడు.

మొన్న ఆదివారం హక్కుల సంఘం నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన లాయరు, ఒకావిడ రిటైరైన టీచరు. జిల్లా పేజీలో చిన్న వార్త చూసి వచ్చామన్నారు. మంచం మీద కూర్చుని అంతా రాసుకున్నారు. ఏ టైముకి తీసుకెళ్ళారు, ఏ బండి, యూనిఫాంలో ఉన్నారా, అన్నం ఎవరు పెట్టారు, ఇలా. మధ్యలో ఆ టీచరమ్మ "బాబూ, వైరు నువ్వు తీశావా?" అని సూటిగా అడిగేసింది. మా పెదనాన్నకి కోపం వచ్చి లేచి వెళ్ళిపోయాడు. తర్వాత వాళ్ళు స్టేషన్‌కి వెళ్ళి ఎస్సైతో కూడా మాట్లాడారట! మా తరఫున వచ్చారో, వాళ్ళ తరఫున వచ్చారో అర్థం కాలేదు.

ఊళ్ళో ఒక పెద్దాయన "వాళ్ళు అన్నల మనుషులు, కాగితం మీద సంతకం పెట్టారంటే మీ మీదే కేసు తిరుగుతుంది" అంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్. అసలు వీళ్ళెవరు, వీళ్ళకేంటి లాభం, ఆ రాసుకున్నది ఏం చేస్తారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

మోడరేటర్

స్టేషన్ పేరు, అధికారి పేరు ఉన్న రెండు లైన్లు తీసేశాను. దయచేసి ఎవరూ అడగొద్దు, రాయొద్దు.

కాకతీయ_మాస్టారు

బాబూ, ముందు లాభం సంగతి చెబుతాను.

మా వరంగల్‌లో డాక్టర్ రామనాథం అని పిల్లల డాక్టరు ఉండేవారు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షులు. 1985 సెప్టెంబరులో నక్సలైట్లు ఒక ఎస్సైని చంపారు. మర్నాడు ఆ ఎస్సై శవయాత్ర సాగుతున్నప్పుడు డాక్టరు గారిని ఆయన క్లినిక్ దగ్గరే కాల్చి చంపారు. పట్టపగలు, నడిబజారులో. 1991 డిసెంబరులో హనుమకొండలో లాయరు నర్రా ప్రభాకర్ రెడ్డి. 2000 నవంబరులో హైదరాబాద్‌లో పురుషోత్తం. 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో ఆజం అలీ. ఇంకా ఉన్నారు. సంఘానికి వచ్చిన లాభాల లెక్క ఇది.

సంఘం 1974లో మొదలైంది. ఎమర్జెన్సీ రాగానే దాని మనుషులే జైళ్ళకి పోయారు. ఎమర్జెన్సీ మొదలైన నెలకే, 1975 జూలైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు కుర్రాళ్ళని "ఎన్‌కౌంటర్" చేశారు. చెట్లకి కట్టి కాల్చారని 1977లో జస్టిస్ తార్కుండే నడిపిన పౌరుల కమిటీ ఊళ్ళు తిరిగి తేల్చింది. ఆ గొడవకి ప్రభుత్వం విచారణకి భార్గవ కమిషన్ వేయాల్సి వచ్చింది. కమిషన్ ముందు లాయరు కన్నబిరాన్ గారు పోలీసు అధికారులని అడ్డప్రశ్నలు వేస్తుంటే పేపర్లలో రోజూ వచ్చేది, మేం హాస్టల్లో గుంపుగా చదివేవాళ్ళం. ఇక లాభం లేదని విచారణ మూసిన గదుల్లోకి మార్చారు, ఆ తర్వాత కమిషన్ కథే ముగిసిపోయింది.

నిజనిర్ధారణ అనే మాట మన దగ్గర అలా పాతుకుపోయింది. మీ ఇంటికి వచ్చినవాళ్ళు చేస్తున్నది అదే పని.

సెల్యూట్

మాస్టారూ, మీరు చెప్పినవాళ్ళందరికీ నమస్కారం. కానీ ఒక మాట అడుగుతా. మా అన్నయ్య కానిస్టేబుల్. 1993లో పోలీసు అధికారి వ్యాస్ గారిని నక్సలైట్లు లాల్ బహదూర్ స్టేడియంలో చంపారు. 1999లో ఇంకో అధికారి ఉమేశ్ చంద్ర గారిని ఎస్.ఆర్.నగర్ చౌరస్తాలో చంపారు. 2008లో బలిమెల రిజర్వాయర్లో లాంచీ మీద కాల్పులు జరిపి 38 మందిని ముంచేశారు, ఎక్కువమంది గ్రేహౌండ్స్ అనే నక్సలైట్ల వేట దళం పిల్లలు. వాళ్ళ ఇళ్ళకి ఎంతమంది హక్కులవాళ్ళు వెళ్ళి మంచం మీద కూర్చుని రాసుకున్నారు?

ఈ కుర్రాణ్ణి కొట్టడం తప్పే. కానీ వైరు పోయిన రైతుకి హక్కు లేదా? ఒక్క మోటారు వైరు పోతే ఎంత నష్టమో పల్లెటూళ్ళో ఉన్నవాడికి తెలుసు. దొంగకి వచ్చేది సంఘం, రైతుకి వచ్చేది బిల్లు.

పల్నాటి_కుర్రోడు

అన్నా, దొంగ అని మీరే తేల్చేశారా? వాడి మీద ఎఫ్ఐఆర్ కూడా లేదు.

నల్లమల

సెల్యూట్ అన్నా, నువ్వు అడిగిన ప్రశ్న కొత్తది కాదు. ఆ ప్రశ్న మీదే సంఘం రెండుగా చీలింది. బాలగోపాల్ గారు 1983 నుంచి చాలా ఏళ్ళు పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. రాజ్యం చేసే హింసని ప్రశ్నించినట్టే సాయుధ పార్టీలు ప్రజల మీద చేసే హింసనీ ప్రశ్నించాలా వద్దా అనే చర్చ సంఘం లోపలే ఏళ్ళ తరబడి నడిచింది. ప్రశ్నించాలన్నవాళ్ళు బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. ఆ తర్వాత మావోయిస్టులు ఇన్‌ఫార్మర్ పేరుతో గిరిజనుల్ని చంపినప్పుడు వేదిక వాళ్ళు పేరుపెట్టి ఖండిస్తూ ప్రకటనలిచ్చారు. నీకు నచ్చినంత గట్టిగా ఉన్నాయా లేదా అన్నది వేరే చర్చ.

పౌరహక్కుల సంఘం వాళ్ళ వాదన వేరు. నేరస్తుణ్ణి పట్టుకోవడానికి చట్టం, పోలీసు, కోర్టు, జైలు అన్నీ ఉన్నాయి. ఆ చట్టమే నేరం చేస్తే అడిగే దిక్కు ఎవరు, మేం ఉన్నది అందుకే అంటారు. నాకైతే చీలిక సరైనదే అనిపిస్తుంది కానీ, ఈ రెండో వాదనని తేలిగ్గా కొట్టిపారేయలేను.

సెల్యూట్

2019 డిసెంబరులో చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని కాల్చినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లో ఆ రోజు పండగే. హక్కులవాళ్ళు మాత్రం కోర్టుకి పరిగెత్తారు. జనం ఎటున్నారో చూసుకోండి.

పద్మ_వైజాగ్

పూలు చల్లినవాళ్ళలో నేను లేను, నాకూ ఇద్దరు ఆడపిల్లలే. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఏం చెప్పిందో కూడా రాయండి మరి. పోలీసులు చెప్పిన కథ నమ్మేలా లేదంది, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలంది. చనిపోయిన నలుగురిలో కొందరు మైనర్లని కూడా అంది. 2022లో ఆ నివేదిక బయటికొచ్చిన రోజు ఎవరూ పూలు ఏరలేదు.

ఇంకో మాట. ఎన్‌కౌంటర్ చేస్తే ఆడపిల్లలకి న్యాయం జరుగుతుంది అనేవాళ్ళు వాకపల్లి పేరు ఎప్పుడూ ఎత్తరు. ఎందుకంటే అక్కడ ఆరోపణ పోలీసుల మీదే. రాత్రికి రాస్తాను, ఇప్పుడు డ్యూటీలో ఉన్నాను.

సీమ_వకీలు

పల్నాటి తమ్ముడూ, చర్చ ఎటో పోతోంది. నీ ప్రశ్నకి వస్తాను. నేను ఏ సంఘంలోనూ సభ్యుణ్ణి కాను, కానీ వాళ్ళ రిపోర్టులు కోర్టులో వాడుకున్నాను.

వాళ్ళు రాసుకున్నది పోలీసు స్టేట్‌మెంట్ కాదు, కోర్టు వాంగ్మూలం కాదు. దాని మీద నీ అన్న సంతకం పెట్టినా ఆయన మీద కేసు "తిరగదు". అదొక రికార్డు. జరిగిన కొద్ది రోజుల్లోనే ఫలానా టైము, ఫలానా దెబ్బలు అని బయటి మనిషి రాసి పెట్టిన కాగితం. ఆర్నెల్ల తర్వాత ఎవరైనా "ఇదంతా ఇప్పుడు అల్లిన కథ" అంటే అది పనికొస్తుంది. అంతకుమించి ఎక్కువ ఆశించొద్దు.

ఇక టీచరమ్మ అడిగిన ప్రశ్న. చాలా మంచి ప్రశ్న అది. మనకి అనుకూలంగా ఉన్నదే రాసుకుపోతే అది కరపత్రం అవుతుంది. ఎస్సై దగ్గరికి వెళ్ళడం కూడా అందుకే. ఆయన "ఆ మనిషిని మేం తీసుకురానేలేదు" అన్నాడా, "తెచ్చాం, సాయంత్రమే పంపించేశాం" అన్నాడా అనేది చాలా ముఖ్యం. రేపు కోర్టులో ఆయన మాట మారిస్తే దొరికిపోతాడు. వైరు తీసినా తీయకపోయినా కొట్టే అధికారం ఎవరికీ లేదు, సరేనా. కానీ రాసేవాళ్ళకి నిజం తెలిసి ఉండాలి.

చట్టం సంగతి. మామూలు దొంగతనం ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరం. అలాంటి వాటిలో ముందు నోటీసిచ్చి పిలవాలి, అవసరం ఉందని కారణం రాస్తేనే అరెస్టు. అరెస్టు చేస్తే మెమో రాయాలి, ఇంట్లోవాళ్ళకి చెప్పాలి, వైద్య పరీక్ష చేయించాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం, 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు, ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉన్నాయి. మీ అన్న ఇంకా స్టేషన్లోనే ఉంటే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు పెట్టమనే పిటిషన్, వేయమనేవాణ్ణి. ఇప్పుడా అవసరం లేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను, మెల్లగా చదువు. వదిలేసిన రోజు ఆసుపత్రికి వెళ్ళారా? ఓపీ చీటీ ఉందా? అరికాళ్ళ ఫొటోలు ఎవరైనా ఫోన్లో తీశారా? తీసి ఉంటే అవి వాట్సాప్‌లో పంపుకుంటూ కూర్చోవద్దు, తీసిన ఫోన్లోనే ఉండనివ్వండి, డిలీట్ చేయొద్దు. స్టేషన్ సీసీ కెమెరా రికార్డు భద్రపరచమని ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పెట్టండి. అన్ని స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని, రికార్డు ఏడాదికి తగ్గకుండా ఉంచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కెమెరా "పని చేయట్లేదు" అనే జవాబు రావచ్చు, వస్తే ఆ జవాబు కూడా కాగితం మీద ఉంటుంది కదా. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు ఆన్‌లైన్లో ఉచితం, తెలుగులో కూడా రాయొచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపే వేయాలి, దాటితే తీసుకోరు. లాయరు ఫీజు ఇబ్బందైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, 15100 నంబరు. అది మర్చిపోవద్దు.

పల్నాటి_కుర్రోడు

చాలా థాంక్స్ సార్. గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం కానీ డాక్టరు గారు ఎలా తగిలింది అంటే మా వదిన భయపడి "బైకు మీద నుంచి పడ్డాడు" అని చెప్పింది. చీటీలో అదే రాశారు.

సీమ_వకీలు

ఇది అందరూ చేసేదే. దిగులుపడొద్దు. బైకు మీద నుంచి పడితే రెండు అరికాళ్ళూ ఒకేలా వాచవు. తేదీ ఉన్న చీటీ ఉండటమే సగం పని. జాగ్రత్తగా పెట్టండి.

డల్లాస్_బాబాయ్

అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఈ సంఘాలకి డబ్బులెక్కణ్ణుంచి వస్తాయో ఎవరూ చెప్పట్లేదు. ఇక్కడ నేను చూశాను, ప్రతి ఎన్జీవోకి వెనక ఒక ఫండింగ్ ఏజెన్సీ ఉంటుంది. వాడు ఏ ఇష్యూ అంటే ఆ ఇష్యూ. విదేశీ డబ్బుతో మన పోలీసుల మీద రిపోర్టులా?

కాకతీయ_మాస్టారు

డల్లాస్ బాబాయ్, ఇక్కడ ఎన్జీవో వేరు, హక్కుల సంఘం వేరు. పౌరహక్కుల సంఘం గానీ, మానవ హక్కుల వేదిక గానీ సంస్థల నుంచి నిధులు తీసుకోవు, దేశంలోవైనా విదేశాలవైనా. సభ్యత్వ రుసుము, మిత్రుల చందాలు, పుస్తకాల అమ్మకం, అంతే. జీతాల మీద పనిచేసే స్టాఫ్ ఉండరు. లెక్చరర్లు, టీచర్లు, లాయర్లు, బ్యాంకు గుమాస్తాలు, ఆదివారాలు, సెలవు రోజులు చూసుకుని సొంత ఖర్చుతో పోతారు. అందుకే వీళ్ళు మీ ఇంటికి ఆదివారం వచ్చారు బాబూ పల్నాడూ!

దీనివల్ల నష్టమూ ఉంది. మనుషులు తక్కువ, వయసు పైబడినవాళ్ళు ఎక్కువ. కొత్త కుర్రాళ్ళు రావడం లేదు. జిల్లాకి నలుగురైదుగురు ఉంటే గొప్ప. పది ఘటనలు జరిగితే రెండింటికి వెళ్ళగలుగుతారు. ఆ రెండు ఏవనేది ఎవరు ఫోన్ చేశారు, ఏ ఊరికి బస్సుంది అనేదాన్ని బట్టి కూడా ఉంటుంది. నిధులు తీసుకుని ఉంటే పెద్ద ఆఫీసు ఉండేది, కార్లు ఉండేవి. కానీ 1985లోనో 1991లోనో అలాంటి ఆఫీసు ఒక్క రోజులో మూతపడేది.

సిక్కోలు_చిన్నోడు

మాది సోంపేట పక్క ఊరు. 2010 జూలై 14. బీలలో, అంటే మా చిత్తడి నేలలో, థర్మల్ ప్లాంటు వద్దని ఊళ్ళన్నీ కదిలాయి, పోలీసులు కాల్చారు, మనుషులు చచ్చిపోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. పొద్దున తూటా, సాయంత్రానికి ఆర్డరు. ఇంతకన్నా ఏం చెప్పాలి.

హక్కులవాళ్ళు మాకు కాల్పుల తర్వాత వచ్చినవాళ్ళు కారు. అంతకుముందు నుంచే వచ్చేవారు. మేం "మా బీల, మా బీల" అని ఏడవడమే గానీ, సర్కారు కాగితంలో దాన్ని బీడు భూమి అని రాశారన్న సంగతి మాకు వాళ్ళే చదివి చెప్పారు. బీడంట! ఏడాది పొడుగునా నీళ్ళుండే చోటు, చేపలు, తుంగ, పశువుల మేత, ఎత్తిపోతలతో వేల ఎకరాల సాగు. దాన్ని ఊరోళ్ళ మాటలతో, రికార్డుతో పక్కపక్కన పెట్టి పుస్తకం వేశారు. ఆ మరుసటి ఏడు ఫిబ్రవరిలో కాకరాపల్లి దగ్గర వడ్డితాండ్రలో కూడా కాల్పులే. అక్కడికీ వచ్చారు.

కాల్పుల తర్వాత మా వాళ్ళ మీద పెట్టిన కేసులు ఏళ్ళ తరబడి నడిచాయి. వాయిదా వాయిదాకి కూలి పోగొట్టుకుని తిరిగేవాళ్ళం. టీవీల వాళ్ళు కాల్పుల రోజు వచ్చారు. వాయిదాలకి ఎవరొస్తారో అప్పుడు తెలిసింది మాకు.

డల్లాస్_బాబాయ్

అభివృద్ధి అడ్డుకోవడం కూడా హక్కేనా? ఇలా ప్రతి ప్లాంటూ వద్దంటే కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

సిక్కోలు_చిన్నోడు

మా ఊళ్ళో నీళ్ళ నుంచి మాత్రం రాదు బాబాయ్. ఇంకో చోట పెట్టుకోండి అన్నాం, అంతే.

రైతుబిడ్డ_సిద్దిపేట

అందరూ ఎన్‌కౌంటర్లు, కాల్పులు అంటున్నరు. మాకు వీళ్ళు తెలిసింది వేరే పని మీద. మా మేనమామ కౌలు రైతు. పత్తి వేసి అప్పులపాలై మందు తాగిండు. 2004లో వచ్చిన 421 జీవో ఉంది, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి పరిహారం ఇయ్యాలని. 2015లో తెలంగాణ సర్కారు 194 జీవోతో దాన్ని ఆరు లక్షలు చేసింది. కానీ ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి ముగ్గురు కమిటీగా ఇంటికొచ్చి "ఇది నిజంగ వ్యవసాయ అప్పుల వల్ల జరిగిన చావే" అని తేల్చాలె. వాళ్ళు రారు. వస్తే పట్టాదారు పాస్‌బుక్ ఏది అంటరు. కౌలు రైతుకు పాస్‌బుక్ ఎక్కడిది? షావుకారి దగ్గర తెచ్చిన అప్పుకు కాగితం ఎక్కడిది?

మానవ హక్కుల వేదిక వాళ్ళు, రైతు స్వరాజ్య వేదిక వాళ్ళు కలిసి ఇట్లాంటి ఇళ్ళు తిరిగి లిస్టు రాసిన్రు. మా అత్తను వెంటబెట్టుకుని ఆర్డీవో ఆఫీసుకు పోయిన్రు. భూమి యజమానితోని కౌలు నిజమే అని రాయించిన్రు, అప్పిచ్చినోళ్ళ దగ్గర నోటు జిరాక్సులు తీపిచ్చిన్రు. రాత పనే, వేరే ఏం లేదు. నినాదాలు లేవు, జెండాలు లేవు. పైసలు చానా ఆలస్యంగ వచ్చినయి గానీ వచ్చినయి. గా పని చెయ్యడానికి ఊరికి ఒక్క చదువుకున్నోడు ఉన్నా చాలు, కానీ ఎవ్వడూ చెయ్యడు.

సెల్యూట్ అన్నా, ఇగో, రైతు ఇంటికి గూడ వచ్చిన్రు.

పద్మ_వైజాగ్

వాకపల్లి గురించి రాస్తానన్నాను.

విశాఖ ఏజెన్సీలో జి.మాడుగుల మండలంలో కోందు గిరిజనుల చిన్న గూడెం. 2007 ఆగస్టు 20న కూంబింగ్‌కి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద సామూహిక అత్యాచారం చేశారని 11 మంది ఆడవాళ్ళు చెప్పారు. అదే రోజు కిందికి దిగి వచ్చి చెప్పారు. తెలుగు కూడా సరిగ్గా రానివాళ్ళు. అప్పటి నుంచి "అబద్ధం", "అన్నలు నేర్పించారు" అనే మాటలు ఎంత తేలిగ్గా వచ్చాయో నాకు గుర్తుంది. ఆ 11 మందితో చివరిదాకా నిలబడినవాళ్ళలో మానవ హక్కుల వేదిక ఒకటి. బాలగోపాల్ గారు 2009 అక్టోబరులో పోయారు. కేసు మాత్రం హైకోర్టు, సుప్రీంకోర్టు తిరిగి తిరిగి 2018లో గానీ విశాఖలో విచారణకి రాలేదు. కోర్టు వాయిదాలకి కొండ దిగి రావాలి, దుబాసీ కావాలి, పొలం పని ఆగిపోవాలి. ఈలోగా ఆ ఆడవాళ్ళలో కొందరు చనిపోయారు కూడా.

2023 ఏప్రిల్ 6న తీర్పు. నిందితులందరూ నిర్దోషులు. కానీ దర్యాప్తు సరిగ్గా జరగలేదని కోర్టే చెప్పింది, బాధితులకి పరిహారం ఇవ్వమంది. గుర్తింపు పరేడ్ అనేది అసలు జరపనే లేదు. ఎవరు చేశారో గుర్తుపట్టే అవకాశమే ఇవ్వకుండా, గుర్తుపట్టలేదు కాబట్టి శిక్ష లేదు అంటే ఏమనాలి. పదహారేళ్ళు ఆ ఆడవాళ్ళు ఒక్కసారి కూడా మాట మార్చలేదు. రాజీకి రాలేదు. అది నాకు ముఖ్యం.

సెల్యూట్

అంటే ఓడిపోయిన కేసే కదా. పదహారేళ్ళు తిప్పి చివరికి చేతిలో ఏముంది వాళ్ళకి? సంఘం వాళ్ళకి పుస్తకం మిగిలింది. చుండూరు కూడా అంతేగా?

నల్లమల

చుండూరు అంతే, నిజమే. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. బాధితులు గుంటూరు వెళ్ళనక్కర్లేకుండా చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు, అదే పెద్ద పోరాటం. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ పోరాటం దళిత మహాసభది, హక్కుల సంఘాలు తోడున్నాయి.

గెలుపు లెక్క అడిగావు కాబట్టి ఒకటి చెబుతా. తొంభైల్లో మన దగ్గర ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కుల సంఘం జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. కమిషన్ ఇక్కడికి వచ్చి విచారించింది. ఎన్‌కౌంటర్ చావు జరిగితే దాన్ని నేరంగానే దర్యాప్తు చేయాలి, అదే స్టేషన్ వాళ్ళు చేయకూడదు అని 1997 మార్చిలో దేశంలో ఉన్న ముఖ్యమంత్రులందరికీ రాసింది. 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి, ప్రతి ఎన్‌కౌంటర్ మీదా ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, ఆత్మరక్షణ అనేది విచారణలో రుజువు చేసుకోవాల్సిన సంగతి అని చెప్పింది. అదీ ఈ సంఘం కేసే. దాని మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తర్వాత 2014లో సుప్రీంకోర్టే దేశమంతటికీ 16 మార్గదర్శకాలు ఇచ్చింది, బొంబాయి ఎన్‌కౌంటర్ల మీద వేసిన కేసులో. బస్సులెక్కి, పోస్టుమార్టం రిపోర్టు కోసం ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డ మనుషుల పని అక్కడిదాకా పోయింది.

పాటిస్తున్నారా అంటే, 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవిలో ఎర్రచందనం కొడుతున్నారని పోలీసులు కాల్చితే 20 మంది తమిళ కూలీలు చచ్చిపోయారు. అది నీ ప్రశ్నకి జవాబు కూడా, నా ప్రశ్నకి జవాబు కూడా.

సెల్యూట్

ఎర్రచందనం దొంగలని కూలీలు అంటే ఇక మాట్లాడేదేముంది. నేను ఇక్కడితో ఆపుతున్నాను. పల్నాటి తమ్ముడూ, నీకు మాత్రం ఒకటి చెబుతా. ఎస్పీ ఆఫీసులో సోమవారం ఫిర్యాదుల రోజు ఉంటుంది. ఉత్తరం పోస్టులో పంపినా, ఒక కాపీ అక్కడ చేతికిచ్చి ముద్ర వేయించుకో. ముద్ర లేకుండా తిరిగి రావొద్దు. లోపల ఎలా నడుస్తుందో తెలిసి చెబుతున్నా.

పల్నాటి_కుర్రోడు

సరే అన్నా, వెళ్తాం.

ఇంట్లో మాట్లాడాం. అన్నయ్య ఫిర్యాదు వద్దంటున్నాడు. రేపు మళ్ళీ పక్క ఊళ్ళో ఏదైనా పోతే ముందు నా ఇంటికే వస్తారు అని భయం. పెదనాన్న మాత్రం ఇప్పుడు చేద్దాం అంటున్నాడు. ఆ టీచరమ్మకి ఫోన్ చేసి ఇదే చెప్పాను. "అతను వద్దంటే మేం ముందుకి తోయం, ఆ ఊళ్ళో ఉండాల్సింది మీరు, మేం కాదు" అంది. పేరు లేకుండా రిపోర్టులో రాయొచ్చా అని అడిగింది. అదే స్టేషన్ గురించి ఇంకో ఊరి నుంచి కూడా ఇలాంటిదే వాళ్ళ దగ్గరికి వచ్చిందట. రెండూ కలిపి రాస్తే ఒక్క ఇంటి మీద పడదు అంది. మరి ఎస్సై ఏమన్నాడని అడిగితే "విచారణకి పిలిచాం, గంటలో పంపించేశాం" అన్నాడట.

సీమ_వకీలు

గంటలో పంపించేశామన్నాడా! సరే. ఆ మూడు రోజులూ స్టేషన్‌కి అన్నం క్యారేజీ ఎవరు తీసుకెళ్ళారు? బయట టీ కొట్టు వాళ్ళు చూశారా? మీ వదిన ఫోన్ నుంచి ఆ రోజుల్లో స్టేషన్‌కి గానీ, అక్కడి కానిస్టేబుల్‌కి గానీ కాల్స్ వెళ్ళాయా? కాల్ లిస్టు ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఫోన్లో పాతవి చెరిగిపోతాయి. ఫిర్యాదు చేయాలా వద్దా అనేది తర్వాత మెల్లగా ఆలోచించుకోవచ్చు, ఏడాది టైముంది. ఇది మాత్రం ఈ రాత్రికే చేయండి.

పల్నాటి_కుర్రోడు

క్యారేజీ నేనే తీసుకెళ్ళాను సార్, రెండు పూటలా. గేటు దగ్గర సెంట్రీ తీసుకునేవాడు. వదిన ఫోన్ చూస్తాను.

సీమ_వకీలు

అయితే నువ్వే సాక్షివి. ఆ టీచరమ్మకి ఈ ముక్క చెప్పావా? చెప్పకపోతే రేపు చెప్పు, నీ మాట కూడా రాసుకోమను.